జీతముల పరిమితి - పాతకాపు విలువ

అమెరికాదేశమున బాస్కెట్ బాల్ అను ఆట మిక్కిలి ప్రసిద్ధము. 1891వ సంవత్సరమున మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డు పట్టణములో జేమ్సు నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు కప్పు క్రింద ఆడుకొనుటకై దీనిని కల్పించెను. ఆయన పీచ్ పండ్ల బుట్టలు రెండు తెప్పించి, గదికి ఇరువైపుల పది అడుగుల యెత్తున కొట్టించి, వానిలో బంతి వేయుడని చెప్పెను. నేడు బుట్టలకు మాఱుగా ఇనుప వలయములును వలలును వచ్చినవి. జట్టునకు ఐదుగురు చొప్పున ఆడుదురు. ముప్పది జట్లు గల జాతీయ సంఘము, ఎన్.బి.ఏ. అని పిలువబడునది, ఈ యాటను పెద్ద వృత్తిగా నడుపుచున్నది. ఒక్కొక్క జట్టు ఏడాదికి 82 ఆటలు ఆడును. అందు మేలైనవి చివరి పోటీలకు పోవును.

ఆ దేశమున స్థిరపడిన తెలుగువారు పెక్కుమంది. అందును కాలిఫోర్నియా రాష్ట్రమున మనవారి కుటుంబములు విస్తారముగా నున్నవి. మీ మనుమలలో ఎవరైన అచ్చట చదువుచున్నచో, గోల్డెన్ స్టేట్ వారియర్స్ అను జట్టు పేరు వారికి తెలిసియే యుండును. 2019 అక్టోబరులో ఈ సంఘమువారి జట్లు రెండు ముంబయి నగరమునకు వచ్చి ఆడిపోయినవి. కావున ఈ సంగతి మనకు బొత్తిగా దూరమైనది కాదు. అయినను నేను నేడు చెప్పదలచినది బంతి వేయు నేర్పును గుఱించి కాదు. ఆ జట్ల జమాఖర్చులను గుఱించి. సంసారములు నడపి, పాలేళ్ళకు జీతములు కట్టి, పొలము కౌళ్ళు వ్రాసికొనిన పెద్దలకు ఈ విషయము ఆటకంటె సులభముగా బోధపడును.

ఆటగాండ్రకు జీతము లిచ్చి పోషించు సంఘములలో మొదటినుండియు ఒక చిక్కు కలదు. న్యూయార్కు, లాస్ ఏంజిలెస్ వంటి మహానగరములలోని జట్లకు రాబడి యెక్కువ. సాల్ట్ లేక్ సిటీ వంటి చిన్న నగరముల జట్లకు రాబడి తక్కువ. ధనవంతుడైన యజమాని తన ధనము గ్రుమ్మరించి మంచి ఆటగాండ్రనందఱను ఒక్కచోటికి చేర్చుకొనినచో, తక్కిన జట్లు ఆడుట యెందులకు? ఎవరు గెలుతురో ముందే తెలిసిన ఆటను చూచుటకు జనులు రారు. జనులు రాకున్న ధనవంతుని జట్టు సైతము నిలువదు. ఈ కారణమున ఒక్కొక్క జట్టు తన ఆటగాండ్ర జీతములకై ఏటా ఇంతకు మించి వెచ్చింపరాదని ఒక హద్దు ఏర్పఱచిరి. దానినే శాలరీ క్యాప్, అనగా వేతనపరిమితి, అందురు.

1946లో సంఘము పుట్టిన మొదటి యేట ఇట్టి హద్దు ఉండెను. అది 55,000 డాలర్లు. ఒక్క సంవత్సరమునకే దానిని తీసివైచిరి. తరువాత దాదాపు నలువది యేండ్లకు, 1984-85లో, నేటి పద్ధతి ప్రారంభమయ్యెను. అప్పటి పరిమితి జట్టునకు 36 లక్షల డాలర్లు. 2025-26 సంవత్సరమునకు అది 15 కోట్ల 46 లక్షల 47 వేల డాలర్లు. ఈ యంకెను ఎవరో ఒకరు తోచినట్లు నిర్ణయింపరు. యజమానుల పక్షమును ఆటగాండ్ర సంఘమును కూర్చుండి ఒడంబడిక వ్రాసికొందురు. ఆట మూలమున వచ్చు రాబడిలో సుమారు సగము ఆటగాండ్రకు చెందవలెనని 2011 నాటి ఒడంబడికలో కుదిరినది. ఆ బేరము తెగక పంతములు సాగినందుననే ఆ యేడు ఆటలు ఆలస్యమై, 82కు బదులు 66 మాత్రమే జరిగెను. రాబడి పెరిగిన కొలది పరిమితియు పెరుగును.

ఇక ఈ పరిమితి పని చేయు విధమును చెప్పెదను. మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకొనవలెనని మనవారి సామెత. కాని ఈ మంచము కొంచెము విచిత్రమైనది. దానికంటె గరిసెతో పోల్చిన తేటపడును. ఒక రైతు గరిసెలో ఒక గీత గీసియున్నదనుకొనుడు. బయటినుండి కొనితెచ్చిన ధాన్యము ఆ గీతవఱకే పోయవచ్చును. తన పొలమున పండిన ధాన్యమును మాత్రము గీతకు పైగా పోసికొనవచ్చును. కాని మఱికొంత పైన ఇంకొక గీత కలదు. దానిని దాటినచో పోసిన ప్రతి బస్తాకు శిస్తు కట్టవలెను. వేతనపరిమితి యిట్టిదే. తనవద్ద కొన్ని యేండ్లుగా ఆడుచున్న ఆటగానిని నిలుపుకొనుటకు జట్టు పరిమితిని దాటవచ్చును. బోస్టను జట్టునందలి ప్రఖ్యాతుడైన లారీ బర్డ్ పేరిట దీనిని బర్డ్ మినహాయింపు అందురు. కొన్ని చిన్న జీతములకును మినహాయింపులు కలవు. కాని పెద్ద జీతము కోరు పరజట్టు ఆటగానిని నేరుగా తెచ్చుకొనవలెనన్న, గీత క్రింద ఖాళీ యుండితీరవలెను. ఊరినిండ ధాన్యము కొనగల ధనమున్నను, గరిసెలో చోటు లేనివాడు కొనలేడు. అందువలన ఈ ఖాళీ యనునది ధనముకంటె అరుదైన వస్తువు.

జట్లు తమలో తాము ఆటగాండ్రను మార్చుకొనుట కలదు. పరిమితిని దాటిన జట్టు ఒకరిని పుచ్చుకొనవలెనన్న, దాదాపు అంత జీతము గలవానిని తిరిగి ఈయవలెను. ఖాళీ గల జట్టునకు ఆ బంధము లేదు. ఏమియు ఈయకయే పుచ్చుకొనవచ్చును. మఱియొక సంగతి. ఈ యాటలో ఒడంబడికలు చాలవఱకు గట్టివి. నాలుగేండ్లకు వ్రాసినచో, ఆటగాడు గాయపడినను, ఆట తప్పినను, నాలుగేండ్ల జీతము ఈయవలసినదే. ఆ మొత్తము జట్టు లెక్కలో నిలువవలసినదే. కావున పనికి మించిన జీతము గల యొడంబడిక జట్టునకు పెద్ద బరువు. ఆ బరువును దించుకొనవలెనన్న, ఖాళీ గల మఱియొక జట్టు దానిని ఎత్తుకొనవలెను. ఊరక యెత్తుకొనుటకు ఎవరు సమ్మతింతురు? కూలి అడుగుదురు.

ఆ కూలి సాధారణముగా రూకలతో ఈయరు. ప్రతి యేటను కళాశాలలనుండియు విదేశములనుండియు క్రొత్తగా వచ్చు యువకులను జట్లు వరుసగా ఎంచుకొనును. బలహీనమైన జట్టునకు ముందుగాను, బలమైన జట్టునకు వెనుకగాను ఎంపిక హక్కు దొరకును. ఈ హక్కును, ఇంకను రాని సంవత్సరములకు సంబంధించినదైనను, ఒక జట్టు మఱియొక జట్టునకు ఈయవచ్చును. ఇది మనవారు రాబోవు పంటపై వ్రాసియిచ్చు పత్రము వంటిది. పంట ఎట్లుండునో వ్రాయునాడు ఎవరికిని తెలియదు.

ఇంత చెప్పిన పిమ్మట 2013 నాటి యొక వ్యవహారమును వివరించెదను. ఖాళీ విలువయు పాతకాపు విలువయు రెండును దానియందు స్పష్టముగా కనబడును.

గోల్డెన్ స్టేట్ జట్టు అప్పుడు ఓక్లండు నగరమున ఆడుచుండెను. 1975 తరువాత ఆ జట్టు ఛాంపియను కాలేదు. 2013 నాటికి స్టీఫెన్ కర్రీ, క్లే థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్ అను యువకులు అందులో పైకి వచ్చుచుండిరి. కర్రీకి అంతకుముందు చీలమండకు పలుమాఱులు గాయములైనందున, 2012లో అతడు నాలుగేండ్లకు 4 కోట్ల 40 లక్షల డాలర్లకే ఒడంబడిక వ్రాసియుండెను. తరువాత అతడు చూపిన ఆటకు అది చాల తక్కువ. ఆ జట్టునకు యౌవనము కలదు, నేర్పు కలదు. ప్రత్యర్థులలో ప్రధానుని అడ్డగింపగలవాడును, తొట్రుపాటు కలిగినపుడు జట్టును స్థిమితపఱుపగలవాడును కొఱతయయ్యెను.

అట్టివాడొకడు అప్పుడే ఒడంబడిక ముగించుకొని స్వతంత్రుడయ్యెను. అతని పేరు ఆంద్రే ఇగ్వడాలా. వయస్సు 29. 2004 నుండి ఎనిమిదేండ్లు ఫిలడెల్ఫియాలోను, ఒక యేడు డెన్వరులోను ఆడెను. 2012లో లండను ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము పొందిన అమెరికా జట్టులో సభ్యుడు. 2013 వసంతమున డెన్వరు పక్షమున గోల్డెన్ స్టేట్ జట్టుపైననే చివరి పోటీలలో ఆడి ఓడెను. తనను ఓడించిన జట్టులోనికి రావలెనని అతనికి కోరిక కలిగెను. ఆ జట్టువారికిని అతడు కావలసియుండెను. చిక్కెల్ల చోటులేకపోవుటయే.

ఆ యేటి పరిమితి 5 కోట్ల 86 లక్షల 79 వేల డాలర్లు. గోల్డెన్ స్టేట్ వ్రాసియున్న ఒడంబడికల మొత్తము అప్పటికే ఆ గీతను దాటియుండెను. అందు మూడు బరువులు ముఖ్యమైనవి. రిచర్డ్ జెఫర్సన్ జీతము సుమారు 1 కోటి 10 లక్షలు. ఆండ్రిస్ బీడ్రిన్ష్ జీతము 90 లక్షలు. బ్రాండన్ రష్ జీతము 40 లక్షలు. మూడును కలిసి 2 కోట్ల 40 లక్షలు. వీరిలో మొదటి యిద్దఱు అప్పటికి ఆటలో తక్కువసేపే దిగుచుండిరి; మూడవవాడు గాయపడి ఆ సంవత్సరమంతయు దాదాపు కూర్చుండియే యుండెను. మూడొడంబడికలకును ఇంక ఒక్క యేడే గడువు. ఒక యేడు ఓర్చినచో బరువు తనంతట దిగును. కాని ఇగ్వడాలా ఒక యేడు కాచుకొనియుండడు.

ఇదే సమయమున యూటా రాష్ట్రమందలి సాల్ట్ లేక్ సిటీ జట్టు, అనగా యూటా జాజ్, వేఱొక త్రోవ పట్టెను. పాల్ మిల్సాప్, అల్ జెఫర్సన్ అను తన పాత ఆటగాండ్ర యొడంబడికలు ముగియగా, వారిని పోనిచ్చి, యువకులతో క్రొత్తగా జట్టును కట్టుకొనదలచెను. అందుచే దాని గరిసెలో విస్తారముగా చోటు ఏర్పడెను. గెలువదలపని యేట పెద్ద ఆటగానిని తెచ్చుకొనుట దానికి అనవసరము. ఖాళీని ఖాళీగానే ఉంచిన ఫలమేమి? ఏడు ముగియగానే ఆ యేటి ఖాళీ మాసిపోవును. మూటగట్టి దాచుటకు వీలులేదు. పైగా, పరిమితిలో నూటికి 90 వంతులైన జీతములకు వెచ్చింపవలెనను నియమము సైతము కలదు.

2013 జూలైలో బేరము కుదిరెను. ముగ్గురాటగాండ్రను, వారి 2 కోట్ల 40 లక్షల బరువును యూటా ఎత్తుకొనెను. అందులకు కూలిగా గోల్డెన్ స్టేట్ 2014, 2017 సంవత్సరముల మొదటివరుస ఎంపిక హక్కులను, మఱికొన్ని రెండవవరుస హక్కులను వ్రాసియిచ్చెను. డెన్వరు జట్టు సైతము ఈ వ్యవహారమున చేరి, యూటా నుండి ఒక ఆటగానిని పుచ్చుకొనెను. అట్లు ఏర్పడిన చోటులో ఇగ్వడాలా నాలుగేండ్లకు 4 కోట్ల 80 లక్షల డాలర్ల యొడంబడికతో గోల్డెన్ స్టేట్ జట్టున ప్రవేశించెను.

ఇచ్చట ఆలోచింపదగినది కలదు. ఒక్క మనుష్యునికై ఆ జట్టు ఇచ్చినది 4 కోట్ల 80 లక్షలు మాత్రమే కాదు. రెండేండ్ల విత్తనము కూడ ఇచ్చెను. ముప్పదియవ యేట అడుగిడుచున్నవానికి నాలుగేండ్ల జీతము వ్రాయుట సాహసమే. ఈ యాటలో ఆ వయస్సు దాటిన పిదప కాలి బలము తగ్గనారంభించును. పాత యొక రోత, క్రొత్త యొక వింత అని లోకులనుట కలదు. అంకెలు చూచినవారికి ఆ మాటయే నిజమనిపించెను. ఫిలడెల్ఫియాలో ఒకప్పుడు ఆటకు 19.9 పాయింట్లు చేసినవాడు గోల్డెన్ స్టేట్‌లో మొదటి యేట 9.3 మాత్రమే చేసెను. జట్టు 51 ఆటలు గెలిచినను చివరి పోటీలలో మొదటి యంతస్తుననే ఓడిపోయెను.

2014లో స్టీవ్ కెర్ అను క్రొత్త శిక్షకుడు వచ్చెను. అతడు ఇగ్వడాలాను పిలిచి, ఆట ప్రారంభమున దిగు ఐదుగురిలో నీవు వలదు. యువకుడైన హారిసన్ బార్న్స్ దిగును. నీవు తరువాత దిగుమని కోరెను. ఇది చిన్న సంగతి కాదు. పది సంవత్సరములుగా ఇగ్వడాలా ఆడిన ప్రతి యాటలోను మొదటి ఐదుగురిలోనే దిగియుండెను. పంక్తిలో మొదట కూర్చుండబెట్టినవానిని రెండవ బంతికి ఉండుమన్నట్లైనది. అతడు సమ్మతించెను. పెద్దవాడే వెనుకకు తగ్గినపుడు తక్కినవారిలో నాకు చోటు చాలలేదు, నాకు బంతి రాలేదని అడుగువాడెవ్వడు? ఆ యేట అతని పాయింట్ల సగటు 7.8కి దిగెను; జట్టు మాత్రము 82 ఆటలలో 67 గెలిచెను.

2015 జూనులో అంతిమ పోటీలు క్లీవ్‌లండు జట్టుతో జరిగినవి. ఏడాటలలో నాలుగు గెలిచినవారిదే జయము. ఆ జట్టున లెబ్రాన్ జేమ్స్ అను మహాక్రీడాకారుడు కలడు. మూడాటలు ముగియునప్పటికి క్లీవ్‌లండు రెండు గెలిచి ముందుండెను. అప్పుడు కెర్ తన ఎత్తరియైన ఆటగానిని కూర్చుండబెట్టి, నాలుగవ యాటలో ఇగ్వడాలాను మొదటినుండియు దింపెను. ఆ యేట అతడట్లు దిగుట అదియే మొదటిసారి. గోల్డెన్ స్టేట్ ఆ యాటను 103-82 తేడాతో గెలిచెను. తరువాతి రెండాటలును గెలిచెను. జూన్ 16న జరిగిన ఆఱవ యాటలో ఇగ్వడాలా 25 పాయింట్లు చేసెను. నలువది యేండ్లకు ఆ జట్టు మరల ఛాంపియను అయ్యెను. అంతిమ పోటీలలో ఉత్తమ క్రీడాకారుడను బహుమానము, జట్టులో అందఱికంటె ప్రసిద్ధుడైన కర్రీకి కాక, ఇగ్వడాలాకు వచ్చెను. సాధారణపు ఆటలలో ఒక్కసారియైన మొదటి ఐదుగురిలో దిగకయే ఆ బహుమానము పొందినవాడు అంతకుముందు లేడు.

జేమ్స్ ఆ పోటీలలో ఆటకు 35కు పైగా పాయింట్లు చేసెను. అతనిని బొత్తిగా ఆపుట ఎవరికిని సాధ్యము కాలేదు. ఇగ్వడాలా చేసినది, ప్రతి పాయింటునకును అతనిచేత శ్రమ పడించుట. ఇట్టి పనికి లెక్కపుస్తకమున గడి లేదు. పాయింట్లు మాత్రమే కొలిచినవారు 2013లో ఈ యొడంబడికను నష్టమని వ్రాసియుందురు. జట్టునకు కొఱతయైన పని యేదో ముందుగా తెలిసికొని, ఆ పనికి సరిపోవు మనుష్యుని వెదకి, పిదప చోటు చేసినవారికే ఖాళీ ఫలించినది.

మఱి యూటా గతి ఏమయ్యెను? ఆ జట్టు 2013-14లో 25 ఆటలు గెలిచి 57 ఓడెను. ఇది ఊహించినదే. గోల్డెన్ స్టేట్ ఇచ్చిన 2014 హక్కుతో 23వ స్థానమున రాడ్నీ హుడ్ అను యువకుని ఎంచుకొనెను. అతడు చాల ఆటలలో ఉపయోగపడెను. 2017 హక్కు సంగతి వినదగినది. ఆ యేట గోల్డెన్ స్టేట్ సంఘమంతటిలో మొదటి జట్టయి నిలిచెను. బలమైనవారికి వెనుక వరుస గనుక ఆ హక్కు ముప్పదింటిలో ముప్పదియవది యయ్యెను. అనగా, యూటా చోటిచ్చినందుననే గోల్డెన్ స్టేట్ బలపడెను. అది బలపడినందుననే యూటా చేతనున్న పత్రము విలువ తగ్గెను. ఆ 2017 వసంతముననే యూటా చివరి పోటీల రెండవ యంతస్తువఱకు వచ్చి, గోల్డెన్ స్టేట్ చేతనే నాలుగాటలును వరుసగా ఓడెను. అయినను యూటా మోసపోయెననుటకు వీలులేదు. ఆ యేట అక్కఱలేని చోటును కౌలుకిచ్చి, అది ఒక మంచి ఆటగానిని సంపాదించెను. రాబోవు పంటపై వ్రాసికొన్న పత్రమునకు ఆ యపాయము ఎల్లప్పుడు ఉండునదే.

పాతకాపును తెచ్చుకొనుట యెల్లప్పుడు మేలని దీనివలన అనుకొనరాదు. 2014లో సంఘము టెలివిజను ప్రసారములకై తొమ్మిదేండ్లకు 2,400 కోట్ల డాలర్ల యొడంబడిక చేసికొనెను. దాని ఫలముగా 7 కోట్ల డాలర్లైన పరిమితి 2016లో ఒక్కసారిగా 9 కోట్ల 41 లక్షల 43 వేలకు పెరిగెను. జట్లన్నింటికిని తలవని తలంపుగా చోటు చిక్కెను. సంత నిండ కొనువారే యైనపుడు సరకు వెల పెరుగుట మీరెఱుగనిది కాదు. లాస్ ఏంజిలెస్ లేకర్స్ జట్టు ఆ జూలైలో టిమఫీ మోజ్గవ్ అనువానికి నాలుగేండ్లకు 6 కోట్ల 40 లక్షలును, లువోల్ డెంగ్ అనువానికి నాలుగేండ్లకు 7 కోట్ల 20 లక్షలును వ్రాసెను. ఇరువురును గౌరవింపదగిన ఆటగాండ్రే. కాని జట్టు అప్పుడు క్రొత్తగా మొలకెత్తుచున్నది. గెలుపునకు ఇంకను దూరముగా నున్నది. ఇగ్వడాలా వచ్చునాటికి గోల్డెన్ స్టేట్‌కు ఒక్క మెట్టు కొఱత. లేకర్స్‌కు మేడయే లేదు. ఒక యేడు తిరుగకుండ మోజ్గవ్ బరువును దించుకొనుటకై లేకర్స్ తన యువకుడైన డి ఆంజెలో రస్సెల్‌ను తోడిచ్చి బ్రూక్లిన్ జట్టునకు పంపవలసివచ్చెను. డెంగ్ రెండవ యేట ఒక్క ఆటలో మాత్రమే ఆడెను. 2018లో అతనిని విడిచిరి. అతని జీతపు భాగము మాత్రము 2022 వఱకు ఆ జట్టు లెక్కలో నిలిచెను. అవసరమును బట్టి కాక, చోటున్నదని కొనుటవలన వచ్చిన కష్టమిది.

ఇగ్వడాలా చరిత్ర సైతము 2015తో ముగియలేదు. 2017, 2018లలో ఆ జట్టు మరల జయించెను. 2019లో కెవిన్ డ్యురాంట్ అను మహాక్రీడాకారుడు బ్రూక్లిన్‌నకు పోగా, అతనికి బదులుగా పైన చెప్పిన రస్సెల్‌నే తెచ్చుకొనుటకు గోల్డెన్ స్టేట్ నిశ్చయించెను. అట్టి వినిమయము చేయువారు దాటరాని హద్దొకటి నియమములలో కలదు. చోటు చేయవలెను. 35 ఏండ్లవాడై, ఏటికి 1 కోటి 72 లక్షల జీతము గల ఇగ్వడాలాయే ఇప్పుడు బరువుగా కనబడెను. అతనిని మెంఫిస్ జట్టు ఎత్తుకొనెను. కూలిగా గోల్డెన్ స్టేట్ మరల ఒక మొదటివరుస హక్కును ఇచ్చెను. 2013లో ఏ మనుష్యుని తెచ్చుటకై హక్కులు వెచ్చించిరో, ఆఱేండ్లకు ఆ మనుష్యునే పంపుటకై హక్కు వెచ్చించిరి. అతడు మెంఫిస్ పక్షమున ఒక్క యాటయు ఆడలేదు. 2020 ఫిబ్రవరిలో మయామి జట్టునకు చేరెను.

ఇది వినినపుడు మనస్సునకు కొంత కష్టము తోచును. ఇంటికి దీపము పెట్టినవానిని బస్తా వలె బండికెత్తించి పంపుట న్యాయమా అని పెద్దలు అడుగవచ్చును. జట్టువారు కృతఘ్నులని నేననను. గీత వారు గీసికొన్నది కాదు, చోటు చేయక తప్పదు. కాని ఏ నియమమైనను మనుష్యుని జీతము నొక్కదానినే కొలుచునపుడు, అతడు చేసిన మేలు ఆ కొలతలో చేరదు. ఆ మేలును గుర్తుంచుకొనుట నియమమునకు వెలుపల మనుష్యులు చేయవలసిన పని. ఇగ్వడాలా విషయమున అదియు జరిగెను. 2021లో అతడు అనుభవజ్ఞులకు నియమితమైన కనిష్ఠ జీతముపై పాత జట్టునకే తిరిగివచ్చెను. కనిష్ఠ జీతమునకు గరిసెలో చోటు వెదకనక్కఱలేదు. ఎక్కువగా ఆడలేదు, యువకుల ప్రక్కన కూర్చుండి చెప్పవలసినది చెప్పెను. 2022లో ఆ జట్టు మరల జయించునప్పుడు అతడందుండెను. 2023లో ఆట విరమించెను. 2025 ఫిబ్రవరిలో, అతడు ధరించిన 9వ అంకె గల చొక్కాను ఇంకెవ్వరును ధరింపరాదని జట్టు నిర్ణయించి, సభామధ్యమున దానిని పైకెత్తి కట్టెను.

2023 నవంబరులో ఆటగాండ్రసంఘమువారు ఇగ్వడాలానే తమ కార్యనిర్వాహకాధికారి స్థానమున తాత్కాలికముగా కూర్చుండబెట్టిరి. వేతనపరిమితి యొడంబడికలను యజమానులతో బేరమాడునది ఆ సంఘమే. ఆ గీత క్రింద చోటు చేయుటకై తన పేరు ఒకసారి జమలోను ఒకసారి ఖర్చులోను వ్రాయబడుట చూచినవానికంటె ఆ పీఠమునకు తగినవాడు దొరకుట కష్టము. క్రొత్తగా వచ్చు యువకునికి ఒడంబడికలోని ప్రతి పంక్తికిని అర్థము చెప్పగలవాడు, ఆ పంక్తులన్నింటి క్రిందను ఒకప్పుడు తాను సంతకము చేసినవాడే కదా.